ముద్దాయి మావయ్య

ఆ స్టూడియోలో ఏ తప్పు జరిగినా జడ్జిగారు మనుషుల్ని పల్లెత్తు మాట అనరు. కంప్యూటర్ని తిడతారు.

తిట్టడమంటే మనందరం తిట్టే తిట్టు కాదు. మనమైతే ఆగిపోయిన స్క్రీను ముందు కూర్చుని ఓ మాట అనేసి, బల్ల మీద ఒకటి చరిచి ఊరుకుంటాం. జడ్జిగారు అలా కాదు. కుర్చీ లాక్కుంటారు, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటారు, గొంతు సవరించుకుంటారు, అప్పుడు విచారణ మొదలుపెడతారు. అదీ మర్యాద తప్పకుండా. "మావయ్యా, మీరు పెద్దవారు. ఈ గదిలోకి అందరికంటే ముందొచ్చినవారు. మీరే ఇలా చేస్తే రేపు మీ తర్వాత వచ్చినవాళ్ళకి నేనేం సమాధానం చెప్పను?" అంటారు. ముద్దాయి తప్పు ఒప్పుకునేదాకా వదలరు. ముద్దాయికి నోరు లేదు కాబట్టి, మౌనంగా ఉన్నాడంటే ఒప్పుకున్నట్టేనని ఆయనే తేల్చి, ఓసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యమని శిక్ష వేస్తారు. చాలాసార్లు దాంతో పని జరిగిపోతుంది కూడా.

ఆయన జన్మలో కోర్టు మెట్లెక్కిన మనిషి కాదు. టేపుల కాలం నుంచీ వీడియోలు ఎడిటింగ్ చేస్తూ జుట్టు నెరిసింది, అంతే. ఆ పేరు కెమెరామాన్ పెట్టాడు. అది ఎంతగా అతుక్కుపోయిందంటే, ఒకసారి కింద చెప్పుల షాపు యజమాని తన అద్దె గొడవ తీర్చమని నిజంగానే పైకొచ్చాడు. జడ్జిగారు ఆయన చెప్పిందంతా శ్రద్ధగా విని, తప్పంతా అగ్రిమెంటు టైపు చేసిన మెషీనుదేనని తీర్పు చెప్పి పంపించారు.

స్టూడియో ఆ చెప్పుల షాపు మీదే. ఇరుకు మెట్లు, ఎక్కినంతసేపూ కొత్త తోలు వాసన. ముందు గదిలో ఓనరుగారి బల్ల, వెనక గదిలో కెమెరా సంచులు. మధ్య గదిలో రెండు కంప్యూటర్లు. పాతదాని పేరు మావయ్య. పక్క రేకు ఎప్పుడో ఊడిపోయింది, లోపలి ఫ్యాను గురక పెడుతుంది, చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. కొత్తదాని పేరు అల్లుడు. అద్దాల ఒళ్ళు, లోపల నీలం లైట్లు. ఏసీ వేసి, మెత్తటి కార్పెట్ ముక్క మీద కూర్చోబెడితే తప్ప పనిచెయ్యడు. కాస్త ఎండ తగిలితే అలిగి స్క్రీను నల్లగా పెట్టేస్తాడు. జడ్జిగారు అల్లుణ్ణి కూడా తిడతారుగానీ, అల్లుడు కాబట్టి కొంచెం చూసీచూడనట్టు పోతారు. అసలు కేసులన్నీ మావయ్య మీదే.

ఇక కొత్తమ్మాయి సంగతి. ఆమెకి నలభై దాటాయి, కూతురు ఆమెకంటే పొడుగు. అయినా తన తర్వాత ఆ స్టూడియోలో ఇంకెవరూ చేరకపోవడం వల్ల కొత్తమ్మాయిగానే ఉండిపోయింది. పెళ్ళయ్యాక ఇన్నేళ్ళు ఇంట్లోనే ఉండి, కూతురి పాత కంప్యూటర్ మీద పడి తనంతట తాను ఎడిటింగ్ నేర్చుకుంది. ఉద్యోగంలో చేరుతున్నానని చెప్పిన రోజు ఆమె ఆడపడుచు, "వెళ్ళు వెళ్ళు, నెల తిరక్కుండా వాళ్ళే పంపించేస్తారు" అని నవ్వింది. ఆ నవ్వు కొత్తమ్మాయి చెవుల్లోంచి పోలేదు. జీతం సంగతి తర్వాత, ఆ నవ్వు నిజమైపోకూడదు. ఆమె పొద్దున్నే ఆ మెట్లెక్కేది ముఖ్యంగా అందుకోసమే.

చేరిన కొత్తలోనే ఆమె చేతుల్లో ఒక ఘోరం జరిగింది. ఓ స్కూలు వార్షికోత్సవం వీడియోలో హెడ్‌మాస్టరుగారి ఉపన్యాసం మరీ సాగిందని మధ్యలో ఓ పెద్ద ముక్క కత్తిరించింది. బొమ్మని కత్తిరించింది గానీ మాటని వదిలేసింది. బొమ్మంతా ముందుకు జరిగింది, మాట ఉన్నచోటే ఉండిపోయింది. వెనక్కి తిప్పి చూస్తే, స్టేజీ మీద చిన్నపిల్లలు నోళ్ళు తెరిచి పాట పాడుతున్నారు, వాళ్ళ నోళ్ళలోంచి హెడ్‌మాస్టరుగారి గొంతు క్రమశిక్షణ గురించి గంభీరంగా మాట్లాడుతోంది. ఆ తర్వాత పిల్లలు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఖాళీ స్టేజీ మీద పాట మొదలైంది.

కొత్తమ్మాయికి ముచ్చెమటలు పట్టాయి. ఆడపడుచు నవ్వు వినబడింది. ఇంతలో జడ్జిగారు వెనకనుంచి వచ్చి ఓ నిమిషం చూశారు. ఆమె వైపు చూడలేదు. కుర్చీ లాక్కున్నారు, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"మావయ్యా, ఏమిటిది? మాట ట్రాకు ఒకటి, బొమ్మ ట్రాకు ఒకటీనా? మొగుడూ పెళ్ళాం ఊరికి బయల్దేరితే మొగుణ్ణి బస్సెక్కించి, ఆవిణ్ణి ఇంట్లో వదిలేస్తారా? కత్తెర పట్టుకునే ముందు రెండిటినీ ముడెయ్యాలని మీకు తెలీదా? సరే, అయిందేదో అయింది. ఇప్పుడేం చెయ్యాలి? కంగారుపడి ఒక్కో ముక్కా చేత్తో జరపాలా? అక్కర్లేదు. చేసింది వెనక్కి తీసుకుని, రెండూ కలిపి కత్తిరించాలి. ఇంత చిన్న విషయానికి ఆ చెమటలేమిటి మావయ్యా?"

మావయ్యకి చెమటలెక్కడివి అని కొత్తమ్మాయి అనుకోలేదు. ఆ క్షణంలో ఆమెకి అంత ఆలోచన లేదు. ఆయన మావయ్యకి చెప్పినట్టే తను చేసింది. పిల్లల నోట్లోకి పాట తిరిగొచ్చింది. ఈ పెద్దాయనకి కంప్యూటర్ల మీద ఎంత పగ, అనుకుని నవ్వుకుంది. మెషీను తప్పు చేసిందని ఆయన నిజంగానే నమ్ముతున్నారని ఆమె అనుకుంది. అందరూ అలాగే అనుకునేవారు.

కెమెరామాన్ ఒకరోజు లబోదిబోమంటూ వచ్చాడు. పెళ్ళికొడుకు నడిచొచ్చే క్లిప్, ముక్కలన్నీ వరసగా పేర్చే టైమ్‌లైన్‌లో ఉంది గానీ స్క్రీను మీద కనబడటం లేదట. చూస్తే, ఆ ట్రాకు పక్కనున్న కంటి బొమ్మ మీద అతని వేలు ఎప్పుడో పడింది. కన్ను మూసి ఉంది. జడ్జిగారు మావయ్యని కూర్చోబెట్టి, "మీరు కన్ను మూసుకుని నిద్రపోతూ ఎదుటివాడు కనబడటం లేదంటే ఎలాగండీ" అని చాలాసేపు మందలించారు. కెమెరామాన్ పక్కన నిలబడి, "నిజమేనండీ, ఈయనకి నిద్ర ఎక్కువైంది" అని వంతపాడాడు. ఆ తర్వాత ఎప్పుడు ఏ క్లిప్ కనబడకపోయినా అతను ముందు కన్ను చూసుకునేవాడు.

ఇంకోసారి ఒక పెళ్ళి వీడియో గంటలో అవ్వాల్సింది నాలుగు గంటలొచ్చింది. ఆ మిగతా మూడు గంటలూ కటిక చీకటి. ఆ చీకటి చిట్టచివర ఎవరో లావుపాటి మనిషి ఆవలిస్తాడు. కత్తిరించి పారెయ్యాల్సిన ఆవలింత ఒకటి టైమ్‌లైన్ మీద ఎక్కడో దూరంగా జారిపడి ఉండిపోయింది. మెషీను పాపం బుద్ధిగా అక్కడిదాకా నడిచింది. అది చేసింది కూడా కెమెరామానే. కానీ ఆ రోజంతా జడ్జిగారు, "ఇంటికి తాళం వేసేముందు చివరి గదిదాకా వెళ్ళి చూడాలి మావయ్యా" అంటూనే ఉన్నారు.

ఓనరుగారికి ఈ విచారణలంటే ఒళ్ళు మంట. ఆయన మాట ఒకటే. "మెషీను తప్పు చెయ్యదు. మనిషే చేస్తాడు. ఆ మనిషెవరో చెప్పండి చాలు." చెప్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. కొత్తమ్మాయికి ముందున్న ఎడిటర్ ఒకతను ఓ తప్పుచేసి, నేనేనండీ అన్నాడు. ఆ సాయంత్రమే అతని ఉద్యోగం పోయింది. ఆ వారం జడ్జిగారు జ్వరంతో ఇంట్లో ఉన్నారు. తిరిగొచ్చి సంగతి విన్నాక ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, మావయ్యతో కూడా.

మరి తన మాట కాదనే జడ్జిగార్ని ఓనరుగారు ఎందుకు పంపించెయ్యలేదంటే, జడ్జిగారి సొంత చెల్లెలే ఓనరుగారి భార్య. ఇద్దరూ ఒకర్నొకరు బావగారూ బావగారూ అనుకుంటూనే పొద్దస్తమానం కీచులాడుకునేవారు.

ఆ చెల్లెలుగారికి కూడా మావయ్య అంటే పడదు. ఆవిడ ఎప్పుడు స్టూడియోకి వచ్చినా మధ్య గది గుమ్మంలో ఆగి, ఆ పాత కంప్యూటర్ని ఎగాదిగా చూసి, "ఈ ముదనష్టపు డబ్బా ఇంకా ఉందా" అంటారు. కారణం ఉంది. వాళ్ళ పాప మొట్టమొదటిసారి అడుగులు వేసినప్పుడు తీసిన వీడియో, కంప్యూటర్‌లోకి ఎక్కించేలోపు కెమెరా కార్డులోంచే చెరిగిపోయింది. మావయ్య మింగేశాడని జడ్జిగారు అప్పట్లో పెద్ద విచారణే జరిపారు. ఇప్పుడా పాప కాలేజీకి వెళ్తోంది. అయినా తల్లి కోపం చల్లారలేదు. వచ్చిన ప్రతిసారీ మావయ్యకి ఆ మాట గుర్తుచేసి గానీ మెట్లు దిగరు. ఆవిడ అంటున్నంతసేపూ ఓనరుగారు కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడేవారు.

అసలు కథ ఇప్పుడు వస్తుంది.

ఒక పళ్ళ డాక్టరమ్మ తన అమ్మానాన్నల పెళ్ళయి యాభై ఏళ్ళయిన సందర్భానికి చిన్న ఫిల్ము చేయించింది. పెద్దాయన కెమెరా ముందు కూర్చుని భార్య గురించి చెప్పిన మాటలే అందులో ప్రాణం. కొత్తమ్మాయి ఆ ఫిల్ము మీద మనసుపెట్టి పనిచేసింది. పెద్దాయన గొంతు జీరపోయిన చోట తనకీ కళ్ళు చెమర్చేవి. అంతా అయిపోయింది, ఇక ఇవ్వడమే తరువాయి. సరిగ్గా అప్పుడు ఆమెకి ఇల్లు సర్దే బుద్ధి పుట్టింది.

మావయ్య లోపల ఫోల్డర్లన్నీ గుట్టగా పడి ఉన్నాయి. కొత్తమ్మాయి ఇంట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అనీ, పప్పు డబ్బా మీద పప్పు అనీ రాసిపెట్టుకునే మనిషి. ఆ గుట్ట చూస్తే ఆమె ప్రాణం విలవిల్లాడింది. కూర్చుని అన్నిటికీ చక్కటి పేర్లు పెట్టి, ఎక్కడివక్కడ సర్దేసింది. మర్నాడు పొద్దున్న ఫిల్ము తెరిస్తే స్క్రీనంతా ఎర్రటి పలకలు. పాత పేరున్న ఫోల్డర్లు వెతుక్కుంటూ వచ్చిన సాఫ్ట్‌వేర్, ఇల్లు మారిందని తెలియక వీధిలో నిలబడి, క్లిప్పులు ఎక్కడున్నాయో చూపించమని అడుగుతోంది.

ఆమె అన్నీ కలిసి ఉన్న పెద్ద ఫోల్డర్ని చూపించింది. అది పేర్లు సరిచూసుకుని ఒక్కొక్కటే తెచ్చుకుంది. ఎర్రటి పలకలన్నీ మాయమయ్యాయి. హమ్మయ్య అనుకుంది. ఆమెకి తెలియనిది ఒకటుంది. కెమెరా ప్రతి కొత్త కార్డులోనూ మళ్ళీ మొదటినుంచి అవే పేర్లు పెట్టుకుంటూ పోతుంది. ఆ పెద్ద ఫోల్డర్లోనే ఒక పైపుల కంపెనీ వార్షిక సమావేశం కూడా ఉంది. అందులోనూ అవే పేర్లు. సాఫ్ట్‌వేర్ సగం క్లిప్పులు పెద్దాయన దగ్గర్నుంచి తెచ్చుకుంది, మిగతా సగం పైపుల కంపెనీ నుంచి. కూతురికి ఒంట్లో బాగాలేదని ఫోను రావడంతో కొత్తమ్మాయి ఫిల్ముని చివరిదాకా చూడకుండానే ఇచ్చి పంపేసింది.

మర్నాడు డాక్టరమ్మ మెట్లు దడదడలాడించుకుంటూ వచ్చి, లాప్‌టాప్ ఓనరుగారి బల్ల మీద పెట్టి, "మీరే చూడండి, నిండు హాల్లో వేశాం" అంది.

తెర మీద పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు. "ఆవిడ మా ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచీ..." అన్నారు.

వెంటనే టై కట్టుకున్న మేనేజరొకాయన వచ్చి, "ఎక్కడా ఒక్క చుక్క లీకేజీ లేదు" అన్నాడు.

"ఇక ఆవిడ కోపం సంగతంటారా..." అన్నారు పెద్దాయన.

"మనకి అన్ని సైజుల్లోనూ దొరుకుతుంది" అన్నాడు మేనేజరు.

"నాకిప్పుడున్న కోరిక ఒక్కటే. ఆవిడ..."

"ఎంత ఒత్తిడినైనా తట్టుకునేలా తయారుచేశాం. గ్యారంటీ యాభై ఏళ్ళు."

ఓనరుగారి మొహం మాడిపోయింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న కొత్తమ్మాయికి పైపుల మేనేజర్ని చూడగానే జరిగిందంతా అర్థమైపోయింది. నోరు తెరిచింది. అప్పటికే జడ్జిగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"అమ్మా, మీరు కూడా ఒక్కసారి లోపలికి రండి. విచారణ మీ ముందే జరగాలి" అని డాక్టరమ్మని మధ్య గదిలోకి తీసుకెళ్ళి, కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"మావయ్యా, ఈమె తండ్రిగారు ఎంత మంచి మాటలు చెప్పారు. వాటి మధ్యలోకి పైపులు తెస్తారా? బళ్ళో ఒకే పేరున్న పిల్లలు ఇద్దరుంటే, ముందు కనబడ్డవాణ్ణి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేస్తామా? ఎవరి పిల్లాడో చూసుకోవద్దా? పేరు కలిస్తే చాలదు మావయ్యా, ఏ కార్డులోదో, ఏ రోజుదో కూడా కలవాలి. దొరికింది కదా అని సంబరపడిపోయి, చివరిదాకా చూడకుండా గడప దాటించేశారు. సర్దుకోవడం మంచిదే. కానీ పని నడుస్తుండగా ఇల్లు సర్దితే, ఇంట్లోవాళ్ళకే దారి తెలీదు."

ఫ్యాను గురక పెట్టింది. "చూశారా, సమాధానం లేదు" అన్నారు జడ్జిగారు. విచారణ అలా సాగుతూ పోయింది. మావయ్య వయసు, ఆయన సేవ, ఆయనకి జరిగిన రిపేర్లు, అన్నీ వచ్చాయి. డాక్టరమ్మ మొదట విసుక్కుంది, తర్వాత విస్తుపోయింది, ఆఖరికి, "పోనీలెండి, పాతది కదా, మరీ అంత అనకండి" అంది.

మధ్యాహ్నానికల్లా కొత్తమ్మాయి ఒక్కో క్లిప్పునీ దాని సొంత ఇంటికి చేర్చింది. జడ్జిగారు పక్కన కూర్చుని మావయ్యకి దారి చెబుతుంటే ఆమె వేళ్ళు ఆ దారినే వెళ్ళాయి. ఈసారి చివరిదాకా చూశాకే ఇచ్చారు. డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ ఆగి, "ఆ మొదటిది కూడా చెరపకండి. నాన్న చెప్పినవాటికంటే ఆ పైపులాయన చెప్పినవే నిజమని అమ్మ అంటోంది" అంది.

డాక్టరమ్మ శాంతించింది గానీ ఓనరుగారు శాంతించలేదు. నిండు హాల్లో స్టూడియో పేరు పోయింది.

"బావగారూ, ఎవరు చేశారిది?"

"మావయ్య."

"స్కూలు వీడియో?"

"మావయ్యే కదండీ."

"ఆ చీకటి పెళ్ళి?"

"అదీ ఆయనే."

"సరే అయితే. ఇన్ని తప్పులు చేసింది మనిషైతే ఏనాడో పంపించేవాణ్ణి. మెషీను మీద మాత్రం నాకెందుకు జాలి? రేపు పొద్దున్నే సెకండ్‌హ్యాండ్ షాపాయన్ని రమ్మంటున్నాను. తీసుకుపోతాడు."

ఇన్నేళ్ళుగా జడ్జిగారిచ్చిన తీర్పులే ఇప్పుడు సాక్ష్యాలై నిలబడ్డాయి. అప్పీలు చేద్దామన్నా ఆయన తీర్పు మీద ఆయనే అప్పీలు చేసుకోవాలి.

సాయంత్రం అందరూ వెళ్ళాక కొత్తమ్మాయి మెట్లదాకా వెళ్ళి, మర్చిపోయిన టిఫిన్ డబ్బా కోసం వెనక్కి వచ్చింది. మధ్య గదిలో జడ్జిగారు నేల మీద కూర్చుని, చిన్న బ్రష్షుతో మావయ్య ఫ్యానుకి పట్టిన దుమ్ము తీస్తున్నారు.

"క్షమించాలి మావయ్యా. మీ నెత్తిన రుద్దిన వాటిలో ఒక్కటి కూడా మీది కాదు. మీరు చెప్పింది చెప్పినట్టు చేసినవారు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీరెటూ ఏమీ అనుకోరు కదా అని అలవాటు పడిపోయాను. ఇంతదాకా వస్తుందనుకోలేదు."

కొత్తమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఈ మనిషి ఏదీ నమ్మడంలేదు. ఏ తప్పు ఎవరిదో ఆయనకి మొదటినుంచీ తెలుసు. ఆ తిట్లలో ఉన్న పాఠాలన్నీ తనకి చెప్పినవే. ఇంతకాలం తను నేర్చుకున్న పనంతా ఆ తిట్ల చాటునే నేర్చుకుంది. అది తోచగానే ఆమెకి సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆయన మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది.

"అయితే ఆ ఫోల్డర్లు సర్దింది నేనేనని మీకు..."

"తల్లీ, నేను మావయ్యతో మాట్లాడుతున్నాను" అన్నారు జడ్జిగారు, తలెత్తకుండానే.

"ఎందుకండీ ఇదంతా? మమ్మల్నే ఓ మాట అనొచ్చు కదా?"

ఆయన బ్రష్షు దులిపారు. "మనిషిని తిడితే చేతులు వణుకుతాయమ్మా. వణికే చేతుల్తో కత్తిరిస్తే ఇంకో తప్పొస్తుంది. మావయ్యకి చేతుల్లేవు కదా."

ఆ రాత్రి కొత్తమ్మాయి గిన్నెలు తోముతూ లెక్క వేసుకుంది. నిజం చెప్తే ఉద్యోగం పోతుంది. ఆడపడుచు గెలుస్తుంది. చెప్పకపోతే పోయేది ఒక పాత కంప్యూటర్, అంతే కదా అనుకోబోయింది. అంతే కాదని ఆమెకే తెలుస్తోంది. మావయ్య పోతే ఇక జడ్జిగారు ఎవర్ని తిడతారు? అల్లుణ్ణి తిడితే వాడు అలిగి పడుకుంటాడు.

పొద్దున్న ఆమె వెళ్ళేసరికి సెకండ్‌హ్యాండ్ షాపాయన తాడూ గోనెసంచీ పట్టుకుని వచ్చేశాడు. ఓనరుగారి భార్య కూడా వచ్చారు. "దీన్ని నా చేతుల్తో సాగనంపాలి" అని ఆవిడ ఉత్సాహంగా ఉన్నారు. జడ్జిగారు ఓ మూల నిలబడ్డారు, కళ్ళజోడు తుడుచుకోలేదు. షాపాయన మావయ్య వైర్లు ఊడదీయడానికి వంగాడు.

"ఆగండి" అంది కొత్తమ్మాయి. "ఓనరుగారూ, తప్పు దీనిది కాదండీ. ఫోల్డర్ల పేర్లు మార్చింది నేను. కూతురికి ఒంట్లో బాగాలేదని ఫోనొస్తే చూడకుండా పంపింది నేను. స్కూలు వీడియో కూడా నేనే. పంపించాల్సింది నన్ను."

ఓనరుగారు, "అదీ సంగతి. నేనెప్పుడూ చెప్పేదే. తప్పు చేసేది..." అని మొదలుపెట్టారు.

జడ్జిగారు కుర్చీ లాక్కున్నారు.

"మావయ్యా, వెళ్ళేముందు ఒక్క మాట. పాప తొలి అడుగుల సంగతి ఇన్నేళ్ళూ మీరు ఎవరికీ చెప్పలేదు. పెద్దమనిషి తరహా అంటే అదీ. రేపు ఎవరింట్లో ఉన్నా అదే మాట మీద ఉండండి. ఆ కార్డు చెరిపింది మీరే. ఇంకెవరూ కాదు."

ఓనరుగారు మాట మధ్యలో ఆపి జడ్జిగారి వంక చూశారు. జడ్జిగారు మావయ్య వంకే చూస్తున్నారు. ఆ కార్డు సంగతి తనకి తప్ప ఇంకెవరికీ తెలియదని ఓనరుగారు ఇంతకాలం నిశ్చింతగా ఉన్నారు. ఆ రోజు షూటింగుకి ఆలస్యమవుతోందని, ఏ కార్డో చూసుకోకుండా చెరిపేసిన చెయ్యి తనదే. అప్పట్లో నిజం ఒప్పుకుందామని నోరు తెరిచేలోపే బావగారు మావయ్య మీద విరుచుకుపడ్డారు. ఎంత అమాయకుడు అనుకుని, బతికిపోయానని ఊపిరి పీల్చుకున్నారు.

"ఇది అమ్మడం లేదు. నువ్వెళ్ళు" అన్నారాయన షాపాయనతో. షాపాయన గోనెసంచీ భుజాన వేసుకుని, "ఇంతకీ దీనికి ఏ రోగమూ లేదాండీ?" అని గొణుక్కుంటూ మెట్లు దిగాడు.

"అదేమిటి, ఎందుకమ్మరు?" అన్నారు భార్య.

ఓనరుగారు కిటికీ వైపు తిరగబోయి ఆగారు. "ఆ రోజు పాప వీడియో చెరిపింది ఇది కాదు. నేను."

"తెలుసు" అన్నారు ఆవిడ.

"ఏం తెలుసు?"

"అన్నయ్య దీన్ని తిడుతుంటే మీ చెవులు ఎర్రబడ్డాయి. మెషీను తప్పు చేస్తే మీ చెవులెందుకు ఎర్రబడాలి?"

"మరి ఇన్నేళ్ళూ దీన్నెందుకు తిట్టావు?"

"మిమ్మల్ని తిడితే మీరు తిరిగి తిడతారు. ఇదైతే నోరు మూసుకుని వింటుంది" అన్నారు ఆవిడ, చీర చెంగుతో మావయ్య నెత్తి మీది దుమ్ము తుడుస్తూ. "పైగా నేను తిడుతున్నప్పుడు మీరూ ఇక్కడే ఉండేవారుగా. వినేవారుగా."

జడ్జిగారు చెల్లెల్ని తేరిపార చూశారు. తనకి తప్ప ఇంకెవరికీ రాదనుకున్న విద్య ఇంట్లోనే ఉందని ఆయనకి ఆ రోజే తెలిసింది.

కొత్తమ్మాయి ఇంకా నిలబడే ఉంది, చేతిలో సంచీతో. ఉండమంటారో వెళ్ళమంటారో ఇంకా తేలలేదు. ఓనరుగారు ఆమె వైపు చూడలేదు. జడ్జిగార్ని లేపి ఆ కుర్చీలో తను కూర్చున్నారు. తుడుచుకోవడానికి ఆయనకి కళ్ళజోడు లేదు, అందుకని చేతిగడియారం తుడుచుకున్నారు. గొంతు సవరించుకున్నారు. అలవాటు లేని పని కాబట్టి కొంచెం తడబడ్డారు.

"ఇదిగో, మావయ్యా. ఏ ఫిల్ము అయినా మొదటినుంచి చివరిదాకా చూడకుండా ఈ మెట్లు దిగకూడదు. కూతురికి ఒంట్లో బాగాలేకపోతే ఆ మాట చెప్పి, పని ఇంకొకళ్ళకి అప్పజెప్పి వెళ్ళాలి. ఈసారికి వదిలేస్తున్నాను. అర్థమైందా?"

మావయ్య ఫ్యాను గురక పెట్టింది. జడ్జిగారు మౌనం అంగీకారమేనని తీర్పు చెప్పడానికి సిద్ధమవుతున్నారు.

"అర్థమైందండీ. ఇంకోసారి జరగదు" అంది కొత్తమ్మాయి.

"విన్నారా బావగారూ," అన్నారు జడ్జిగారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఇన్నేళ్ళకి మావయ్య నోరు విప్పారు."